రైఫిల్ తూటా పేరు చదవడం ఎలా: అంకెల అర్థం, తల్లి కేసు గుర్తింపు

గుంటూరు పోలీస్ పరేడ్ గ్రౌండ్‌లో అక్టోబరులో అమరవీరుల వారోత్సవాలకు ఓపెన్ హౌస్ పెట్టినప్పుడు బల్లల మీద త్రీ నాట్ త్రీ, ఎస్ఎల్ఆర్, ఇన్సాస్, ఏకే-47 రైఫిళ్లు వరసగా పేర్చి, పక్కన చీటీ మీద వాటి రౌండు పేరు రాసి పెడతారు. కాస్త చురుకైన పిల్లలు చీటీలు చదివి అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఎస్ఎల్ఆర్ కూడా 7.62, ఏకే కూడా 7.62 అని రాశారు కదా. దీని తూటా దాంట్లో పడుతుందా?"

పడదు. ఎస్ఎల్ఆర్‌ది 7.62×51, ఏకేది 7.62×39. మొదటి అంకె ఒకటే అయినా కేసు పొడవు వేరు, అడుగు వెడల్పు వేరు. గుండు వ్యాసం కూడా ఒకటి కాదు. ఎస్ఎల్ఆర్ గుండు 7.82 మిల్లీమీటర్లు ఉంటే ఏకే గుండు 7.9కి దగ్గరగా ఉంటుంది. రెండింట్లో ఏదీ 7.62 కాదు.

బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే పోలీసు ఆయుధాగారంలో, చాలాకాలం తుపాకులు చూసుకునే ఆర్మరర్‌గా పనిచేశాను కాబట్టి ఒక్క మాట గట్టిగా చెప్పగలను. తూటా మీద ఉన్న అంకె పేరే కానీ కొలత కాదు. మన మిర్చి యార్డులో 334 అన్నా, 341 అన్నా అది రకం పేరని అందరికీ తెలుసు. ఆ అంకెతో ఘాటు కొలుద్దామని ఎవరూ అనుకోరు. తూటా అంకె దగ్గరికి వచ్చేసరికి మాత్రం వెంటనే స్కేలు తీస్తాం. అసలు కొలత కావాలంటే పేరులో ఉన్న ఒక్కో ముక్కను విడదీసి, అది ఏ అలవాటు నుంచి వచ్చిందో చూసి, ఆ తర్వాత ఆ తూటా ఏ పాత తూటా నుంచి పుట్టిందో కనుక్కోవాలి. పోలీసు ఉద్యోగానికి తయారయ్యేవాళ్లకు, ఎన్‌సీసీ క్యాడెట్లకు, రేంజికి వెళ్లే షూటర్లకు, క్రైమ్ వార్తలు రాసేవాళ్లకు పనికొస్తుందని ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

మొదటి అడుగు: భాగాల పేర్లు

రౌండు లేదా తూటా అంటే మొత్తం వస్తువు. దాని కొసన ఉండి బ్యారెల్ లోంచి బయటికి వెళ్లేది గుండు, అదే బుల్లెట్. ఇత్తడి గొట్టం కేసు. కేసులో మందు, అడుగున ఆ మందును అంటించే క్యాప్. పేల్చాక తుపాకీ బయటికి విసిరేది ఖాళీ కేసు. డిపార్ట్‌మెంటులో దాన్ని ఎంప్టీ అంటారు, కాల్పులయ్యాక లెక్కపెట్టి అప్పగిస్తారు.

కేసును నిలబెట్టి కింది నుంచి పైకి చూడండి. అడుగున అంచు, అంటే రిమ్. దాని పైన లావుగా ఉండే ఒళ్లు. ఒళ్లు ఒక్కసారిగా ఇరుకయ్యే చోటు షోల్డర్. గుండును పట్టుకుని ఉండే సన్నటి భాగం నెక్. తల్లి కేసు, అంటే ఒక తూటా ఏ పాత కేసు నుంచి పుట్టిందో అది, దాని గురించి మాట్లాడేటప్పుడు ఈ నాలుగే మాటిమాటికీ వస్తాయి.

రెండో అడుగు: మొదటి అంకె ఏ వ్యాసం నుంచి వచ్చిందో చూడండి

రైఫిల్ బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాళ్లు ఉంటాయి. గాళ్ల మధ్య ఎత్తుగా మిగిలిన గట్లను ల్యాండ్స్ అంటారు, గాళ్లను గ్రూవ్స్ అంటారు. గట్టు నుంచి ఎదుటి గట్టుకు కొలిస్తే ఒక వ్యాసం, గాడి నుంచి ఎదుటి గాడికి కొలిస్తే కొంచెం పెద్ద వ్యాసం వస్తుంది. గుండు గాళ్లను నింపుకుంటూ పోవాలి కాబట్టి అది సుమారుగా పెద్ద వ్యాసంతో ఉంటుంది.

పేరు పెట్టేవాళ్లు ఒక్కోసారి చిన్న వ్యాసం తీసుకున్నారు, ఒక్కోసారి పెద్దది. గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది. థర్టీ క్యాలిబర్ (క్యాలిబర్ అంటే పేరులో చెప్పే బ్యారెల్ వ్యాసం) బ్యారెల్‌కు గట్ల మధ్య 0.300 అంగుళం, అంటే 25.4తో గుణిస్తే 7.62 మిల్లీమీటర్లు. గాళ్ల మధ్య 0.308 అంగుళం, అంటే 7.82. అందుకే .30-30 వించెస్టర్, .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, .300 శావేజ్, .308 వించెస్టర్ నాలుగూ వాడేది 0.308 అంగుళాల గుండే. పేర్లు చూస్తే మూడు రకాల అంకెలు కనిపిస్తాయి, గుండు వ్యాసం ఒక్కటే.

మన త్రీ నాట్ త్రీ కూడా అంతే. 0.303 అనేది గట్ల మధ్య కొలత. గుండు 0.311 నుంచి 0.312 వరకు ఉంటుంది. కాబట్టి .308 గుండు కన్నా .303 గుండే లావు. తరగతిలో ఈ మాట చెబితే మొదట ఒక్కరూ నమ్మరు.

.270 వించెస్టర్ గుండు 0.277. .250 శావేజ్, .257 రాబర్ట్స్ రెండింటికీ 0.257. ఇరవై రెండు కుటుంబం మరీ విచిత్రం: .218 బీ, .219 జిప్పర్, .220 స్విఫ్ట్, .222 రెమింగ్టన్, .223 రెమింగ్టన్, .225 వించెస్టర్, .22-250, అన్నీ 0.224 గుండే వాడతాయి. ఒక కొత్త తూటా బజారులోకి వచ్చినప్పుడు పాతదానితో కలిసిపోకుండా ఉండాలని ఒక అంకె అటో ఇటో జరిపారు, అంతే. ఇన్సాస్ 5.56 కూడా ఈ కుటుంబానిదే, దాని గుండు 5.7 మిల్లీమీటర్లు.

యూరప్ పద్ధతిలోనూ ఇదే సంగతి. 6.5 అంటే గుండు 6.71, 7 అంటే 7.21, 8×57 ఐఎస్ అంటే 8.22. మొదటి అంకెను దగ్గర్లో ఉన్న అంచనాగా తీసుకోండి. అసలు గుండు వ్యాసం వేరేగా చూసుకోవాల్సిందే.

మూడో అడుగు: రెండో అంకె దేన్ని చెబుతోంది?

గీతకు అవతల ఉన్న అంకెకు ఒక్కటే అర్థం లేదు. కాలాన్ని బట్టి, కంపెనీని బట్టి, దేశాన్ని బట్టి మారిపోయింది. ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చూద్దాం.

అమెరికాలో నల్లమందు (పాతకాలపు తుపాకీ మందు, బ్లాక్ పౌడర్) రోజుల్లో అది మందు బరువు. 1873 నాటి .45-70 గవర్నమెంట్ అంటే 0.45 అంగుళాల క్యాలిబర్, 70 గ్రెయిన్ల నల్లమందు. పూర్తి పేరు .45-70-405, చివరిది గుండు బరువు. ఒక గ్రామంటే 15.43 గ్రెయిన్లు. అంటే మందు నాలుగున్నర గ్రాములు, గుండు 26 గ్రాములు. 1895లో వచ్చిన .30-30 పొగరాని మందు తూటా అయినా పాత అలవాటు కొద్దీ 30 గ్రెయిన్లను పేరులో పెట్టుకుంది. ఆ తర్వాత మందు రకాలు మారి, ఒక్కోదానికి ఒక్కో బరువు కావడంతో ఈ పద్ధతి పోయింది.

.30-06లో 06 మందు కాదు, 1906 సంవత్సరం. అంతకుముందు 1903లో .30-03 ఉండేది, మొన బండగా ఉన్న 220 గ్రెయిన్ల గుండుతో. జర్మన్లు మొనదేలిన తేలిక గుండుకు మారగానే అమెరికా సైన్యం కూడా 150 గ్రెయిన్ల మొనదేలిన గుండు తీసుకుని, కేసు నెక్‌ను కొద్దిగా కురచ చేసి 1906లో కొత్త పేరు పెట్టింది.

ఇప్పుడు .25-06 రెమింగ్టన్ చూడండి. ఇది 1906లో పుట్టలేదు. రెమింగ్టన్ దీన్ని 1969లో బజారులోకి తెచ్చింది. ఇక్కడ 06 అంటే తల్లి కేసు: .30-06 కేసు నెక్‌ను .25కి ఇరుకు చేశారని చెప్పడం. ఒకే 06, ఒకచోట సంవత్సరం, ఇంకోచోట తల్లి. 7ఎంఎం-08 రెమింగ్టన్‌లో 08 కూడా సంవత్సరం కాదు. .308లోని చివరి రెండు అంకెలు.

వేగాన్ని పేరులో పెట్టినవాళ్లూ ఉన్నారు. 1915లో శావేజ్ కంపెనీ తెచ్చిన .250-3000లో 3000 అంటే సెకనుకు 3000 అడుగులు. అప్పట్లో అంత వేగం గొప్ప ప్రకటన. ఆ వేగం అందుకోవడానికే 87 గ్రెయిన్ల తేలిక గుండు పెట్టారు. ఆ .250 కేసు నెక్‌ను ఇరవై రెండుకు నొక్కితే వచ్చిందే .22-250.

యూరప్ పద్ధతి ఒక్కటే కాస్త నిజాయితీగా ఉంటుంది. ×కు అవతల ఉన్నది కేసు పొడవు, మిల్లీమీటర్లలో. 7.62×63 అంటే .30-06, 7.62×51 అంటే ఎస్ఎల్ఆర్ రౌండు, 5.56×45 అంటే ఇన్సాస్ రౌండు. చివర ఆర్ ఉంటే కేసుకు అడుగున బయటికి పొడుచుకొచ్చిన రిమ్ ఉందని అర్థం: 7.62×54ఆర్, 8×50ఆర్ లాగా.

బ్రిటిష్ వాళ్లు ఏటవాలు గీత వాడి, క్రమాన్ని తిప్పేశారు. మార్టినీ-హెన్రీ రైఫిల్ తూటా .577/450. ఇందులో ముందున్న .577 తల్లి కేసు, వెనకున్న .450 క్యాలిబర్. అమెరికన్ .22-250లో క్యాలిబర్ ముందు, తల్లి తర్వాత. అడ్డగీత అయితే తల్లి వెనక, ఏటవాలు గీత అయితే తల్లి ముందు అని గుర్తు పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

నాలుగో అడుగు: చివరి మాట

వించెస్టర్, రెమింగ్టన్ లాంటివి ఆ తూటాను బజారులోకి తెచ్చిన కంపెనీలు. రైఫిల్ ఆ కంపెనీదే కావాలని లేదు. స్ప్రింగ్‌ఫీల్డ్ అమెరికా సైన్యపు ఆయుధాగారం. వీలన్, రాబర్ట్స్ మనుషుల పేర్లు. క్రీడ్‌మూర్ న్యూయార్క్ దగ్గరి పాత షూటింగ్ రేంజి. మ్యాగ్నం అంటే అదే క్యాలిబర్‌లో మామూలు కన్నా ఎక్కువ శక్తి అని కంపెనీ చెప్పుకోవడం. దానికి కచ్చితమైన కొలత లేదు. ఇంప్రూవ్డ్ అని ఉంటే తల్లి కేసు ఒళ్లును నిటారు చేసి, షోల్డర్‌ను నిక్కబొడిచి, లోపల కాస్త ఎక్కువ జాగా తీశారని అర్థం.

ఐదో అడుగు: తల్లి కేసును కనుక్కోండి

కొత్త తూటా కావాలనుకున్నవాళ్లు కేసును మొదటి నుంచీ గీయడం అరుదు. ఉన్న కేసును తీసుకుని నెక్ ఇరుకు చేస్తారు, లేదా వెడల్పు చేస్తారు, లేదా మొత్తం కురచ చేసి షోల్డర్‌ను కిందికి దించుతారు. అలా దేన్ని తీసుకున్నారో అది తల్లి కేసు. ఇందులో అన్నిటికన్నా తక్కువగా మారేది అడుగు. రైఫిల్ బోల్ట్ (తూటాను వెనక నుంచి మూసి పట్టే కడ్డీ) ముఖం పట్టుకునేది కేసు అడుగునే కాబట్టి, అడుగు మారకపోతే బోల్ట్ మార్చక్కర్లేదు. పొడవు కూడా సరిపోతే బ్యారెల్ మారిస్తే చాలు. కేసు తయారుచేసే యంత్రాలకూ అదే లాభం.

అందుకే ముందు రిమ్ వ్యాసం కొలవాలి. కొన్ని అంకెలు నోటికి వచ్చేలా చేసుకోండి. 12 మిల్లీమీటర్లు: మౌజర్, .30-06, .308 కుటుంబాలు. 9.6: .222, .223, ఇన్సాస్. 11.35: ఏకే. 13.5: .375 హెచ్ అండ్ హెచ్ (హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ) మ్యాగ్నం కుటుంబం. 13.7, అదీ పొడుచుకొచ్చిన రిమ్ అయితే త్రీ నాట్ త్రీ.

ఆ 12 మిల్లీమీటర్ల కథ నాకు చాలా ఇష్టం. 1888 నాటి జర్మన్ సైనిక తూటా అడుగు సుమారుగా అంతే. 1892లో వచ్చిన 7×57 మౌజర్‌దీ అంతే. స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ విషయంలో మౌజర్ కంపెనీకి రాయల్టీ కట్టిన అమెరికన్ల .30-06 కూడా అంతే. దాన్ని కురచ చేసే దారిలో 1952లో .308 వచ్చింది. మందు మెరుగయ్యింది కాబట్టి 63 మిల్లీమీటర్ల కేసు చేసే పనిని ఇంచుమించుగా 51 మిల్లీమీటర్ల కేసే చేయగలిగింది. ఆ .308 నుంచి 1955లో .243 వించెస్టర్, .358 వించెస్టర్, 1980లో 7ఎంఎం-08, 1997లో .260 రెమింగ్టన్, 2006లో .338 ఫెడరల్ పుట్టాయి. .243లో నెక్ ఇరుకయ్యింది, .358లో వెడల్పయ్యింది, రెంటి అడుగూ ఒకటే. ఈరోజు కొత్తగా అమ్మే రైఫిళ్లలో కూడా పందొమ్మిదో శతాబ్దపు ఆ జర్మన్ కొలత బతికే ఉంది.

రిమ్ తర్వాత కేసు పొడవు, ఆ తర్వాత షోల్డర్ కోణం. .30-06కు పదిహేడున్నర డిగ్రీలు, .308కు 20 డిగ్రీలు. .270 వించెస్టర్‌ది పదిహేడున్నర, .243ది 20. ఎవరు ఎవరి బిడ్డో అక్కడే తెలిసిపోతుంది.

పొడవును ఎందుకు వదలకూడదో .270 చెబుతుంది. 1925లో వచ్చిన దీనికి తల్లి .30-06 అని చాలామంది రాస్తారు. కొలిచి చూడండి. .30-06 కేసు 63.3 మిల్లీమీటర్లు, .270 కేసు 64.5. నెక్ ఇరుకు చేసినంత మాత్రాన మిల్లీమీటరుకు పైగా ఎక్కడి నుంచి వచ్చింది? పాత .30-03 కేసు పొడవు 64.5. నెక్ కురచ చేయకముందు ఉన్న ఆ కేసే .270కి అసలు తల్లి. .30-06 దానికి తోబుట్టువు.

మ్యాగ్నం కుటుంబంలో 1912 నాటి .375 హెచ్ అండ్ హెచ్ పెద్దతల్లి. దీని అడుగున రిమ్‌కు పైన మొలతాడులా ఒక బెల్టు ఉంటుంది. ఏటవాలు షోల్డర్ ఛాంబరులో, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట, గట్టిగా ఆనదు కాబట్టి తూటా లోపలికి జారకుండా ఆపడానికి పెట్టింది. ఈ కేసును కురచ చేసి వించెస్టర్ 1956లో .458, 1958లో .338, 1963లో .300 మ్యాగ్నం చేసింది. రెమింగ్టన్ 1962లో 7ఎంఎం మ్యాగ్నం చేసింది. బెల్టు కనబడితే మొదట ఈ కుటుంబాన్నే అనుమానించండి. అయితే .338 లపువా మ్యాగ్నంకు బెల్టు లేదు, అడుగు కూడా వేరు, దాదాపు 15 మిల్లీమీటర్లు. పేరులో మ్యాగ్నం ఉందని బెల్టు కోసం వెతకొద్దు.

ఒక జాగ్రత్త. అడుగు ఒకటే అయినంత మాత్రాన తల్లీబిడ్డలని తేల్చేయకూడదు. అడుగు, పొడవు, షోల్డర్ మూడూ కలిసి ఒక వైపు చూపించాలి.

ఆరో అడుగు: అడుగున చెక్కిన అక్షరాలు చదవండి

మన దగ్గర ఎక్కువగా కనిపించే ఉదాహరణ తీసుకుందాం. ఎఫ్ఐఆర్‌లో "పాయింట్ 315 తూటా" అని ఉంటుంది. పంచనామాలో "8ఎంఎం కేఎఫ్" అని ఉంటుంది. రాసినవాళ్లు ఎక్కడో పొరబడ్డారని పత్రిక డెస్కులో అనుకుంటారు. ఎవరూ పొరబడలేదు. 0.315 అంగుళాన్ని 25.4తో గుణిస్తే 8.00 మిల్లీమీటర్లు. కేఎఫ్ అంటే కిర్కీ ఫ్యాక్టరీ, పుణె దగ్గరి ఖడ్కీలో ఉన్న మందుగుండు కర్మాగారం. తూటా అడుగున క్యాప్ చుట్టూ ఆ అక్షరాలు గుండ్రంగా చెక్కి ఉంటాయి. ఓఎఫ్‌వీ అని ఉంటే వరణ్‌గావ్.

ఈ .315 ఎందుకు పుట్టిందంటే, త్రీ నాట్ త్రీ సైన్యానిది. ఆ తూటా పౌరులకు అందకూడదని బ్రిటిష్ ప్రభుత్వం అనుకుంది. అందుకని ఆస్ట్రియా సైన్యం వాడిన 8×50ఆర్ మాన్లిహర్ కేసును తల్లిగా తీసుకుని భారతదేశానికి ప్రత్యేకంగా .315 స్పోర్టింగ్ రైఫిళ్లు చేశారు. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వాటిని తర్వాత కూడా చేస్తూ వచ్చింది. ఏనుగులూ పులుల వేట రైఫిళ్లలోనూ ఇలాగే జరిగింది. మార్టినీ-హెన్రీ .450 కాబట్టి, 20వ శతాబ్దం మొదట్లో భారత్‌లో, సూడాన్‌లో ఆ క్యాలిబర్‌ను పౌరులకు నిషేధించారు. దాన్ని దాటడానికి ఇంగ్లండు తుపాకీ కంపెనీలు .465, .470, .475 అంటూ కొత్త తూటాలు తెచ్చాయి. మన దేశంలోని ఒక నిబంధన ప్రపంచమంతా వాడిన పేర్లను పుట్టించింది.

అక్షరాలు చదవాలన్న ఉత్సాహంతో లైవ్ రౌండును ఇంట్లో దాచుకోకండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఒక్క లైవ్ తూటా ఉన్నా నేరమే. తాతగారి పెట్టెలో దొరికింది, గుర్తుగా ఉంచుకున్నాం అంటే కుదరదు. బ్యాగులో మర్చిపోయి గన్నవరం ఎయిర్‌పోర్టుకు వెళితే స్కానర్‌లో పట్టుబడతారు. దొరికిన తూటాను కదపకుండా పోలీస్ స్టేషన్‌కు కబురు చేయండి. నేర్చుకోవడానికి డమ్మీ రౌండ్లు, బొమ్మలు చాలు.

ఏడో అడుగు: ఒకే తూటాకు రెండు పేర్లు, దగ్గర పేర్లకు రెండు తూటాలు

.275 రిగ్బీ, 7×57 మౌజర్ ఒకటే తూటా. లండన్ కంపెనీ అంగుళాల్లో తన పేరు పెట్టుకుంది. రెమింగ్టన్ 1955లో .244 అని తెచ్చినదాన్నే 1963లో 6ఎంఎం రెమింగ్టన్ అని మళ్లీ తెచ్చింది. మొదటి రైఫిళ్లలో బ్యారెల్ మెలి నెమ్మదిగా ఉండి బరువైన గుండ్లు నిలకడగా వెళ్లక, జనం .243 వైపు వెళ్లిపోయారు. మెలి మార్చి, పేరూ మార్చారు.

రెండోరకం ప్రమాదకరమైనది. .300 బ్లాకౌట్ తూటాకు తల్లి .223 కుటుంబం, కాబట్టి అడుగు ఒకటే, మ్యాగజైన్ ఒకటే. కానీ గుండు 0.308. దాన్ని పొరపాటున .223 రైఫిల్‌లో పెట్టి పేలిస్తే సన్నటి బ్యారెల్‌లో లావు గుండు ఇరుక్కుని రైఫిల్ పగిలిపోతుంది. తల్లి కేసు తెలియడం కేవలం చరిత్ర సరదా కాదనేది ఇందుకే. రేంజిలో తూటాను ఎప్పుడూ బ్యారెల్ మీద చెక్కిన పూర్తి పేరుతో పోల్చి చూడాలి. "పడుతోంది కదా" అనేది పరీక్ష కాదు.

సందేహం వచ్చినప్పుడు తేల్చేవి అధికారిక డ్రాయింగులు. తూటాల కొలతలు ఖరారు చేసే సంస్థలు, అమెరికాలో 1926లో ఏర్పడిన సామీ, యూరప్‌లో సీఐపీ, ప్రతి తూటాకూ కొలతలతో బొమ్మ ప్రచురిస్తాయి. సామీ పత్రాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. గుండు వ్యాసం, రిమ్, పొడవు, షోల్డర్ కోణం అన్నీ ఒకే పేజీలో ఉంటాయి.

చేసి చూడండి

.35 వీలన్: గీత లేదు, తల్లి పేరులో లేదు. రిమ్ 12, షోల్డర్ పదిహేడున్నర, పొడవు .30-06 దగ్గరే. నెక్ వెడల్పు చేసిన .30-06. 1922 నుంచి సొంతంగా చేసుకునే తూటాగా ఉండి 1988లో రెమింగ్టన్ చేతికి వచ్చింది.

.500/465: ఏటవాలు గీత, బ్రిటిష్. తల్లి .500, క్యాలిబర్ .465. ఏ నిషేధం వల్ల వచ్చిందో పైన చదివారు.

6.5 క్రీడ్‌మూర్: 6.5 అంటే గుండు 6.71. రిమ్ 12, కాబట్టి .308 బిడ్డే అనిపిస్తుంది. కానీ కేసు పొడవు 48.8, షోల్డర్ 30 డిగ్రీలు, రెండూ .308తో కలవవు. అమెరికన్ తూటాల కంపెనీ హోర్నడీ 2007లో దీన్ని .30 టీసీ అనే కురచ కేసు నుంచి చేసింది. రిమ్ కొలిచి ఆగిపోతే ఇక్కడ తప్పు జవాబు వస్తుంది. మిగతా రెండు కొలతలూ తీస్తే రాదు.